కబురు ఏ గంటది? – సైనిక ఆదేశ వ్యవస్థలూ, ఇంజనీర్ల శిక్షణా

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ నాకు డి.ఎ. బకాయిల మీదో, మెడికల్ రీయింబర్స్‌మెంటు మీదో మాట్లాడే పని అప్పగిస్తారు. ఈసారి కార్యదర్శిగారు "ప్రత్యేక సంచిక వేస్తున్నాం, పిల్లలు కూడా చదివే విషయం ఏదైనా చెప్పండి" అన్నారు. నేను ఎంచుకున్న విషయం వినగానే ఆయన కొంచెం కంగారుపడ్డారు. "యుద్ధాల్లో వాడే కంప్యూటర్ వ్యవస్థల మీద మీరేం మాట్లాడతారండీ, మీరు రెవెన్యూలో గుమాస్తా కదా" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు చివరకు దొరుకుతుంది. అందాకా ఓపిక పట్టమని మనవి.

సంగతి ఇలా మొదలైంది. మా మనుమరాలు ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగు చదివింది. రక్షణ పరికరాలు తయారుచేసే సంస్థలో ఉద్యోగం వచ్చింది. చేరీ చేరగానే 'కమాండ్ అండ్ కంట్రోల్ వ్యవస్థలు' అనే విషయంలో కొన్ని నెలల శిక్షణకు వెళ్లాలన్నారు. మా కోడలికి ఆ పేరు నచ్చలేదు. "మామయ్యగారూ, దానికి మీరైనా చెప్పండి. ఆడపిల్లకు ఈ యుద్ధాల గొడవ ఎందుకు? బ్యాంకు పరీక్షలు రాసుకోమనండి" అని నా దగ్గరకు వచ్చింది. పిల్ల మాత్రం నన్ను వేరే ప్రశ్న అడిగింది. "తాతయ్యా, నేను నేర్చుకోవలసింది యంత్రమా, యుద్ధమా?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలని లైబ్రరీలో పుస్తకాలు తిరగేశాను. ఒక మాట ముందే చెప్పాలి. ఆ అమ్మాయి తన ఉద్యోగం గురించి ఇంట్లో ఒక్క ముక్క చెప్పదు, నేనూ అడగను. ఇక్కడ నేను చెప్పేదంతా ఏనాడో బయటికొచ్చి, అచ్చయి, నలుగురికీ తెలిసిన సంగతే.

అసలు ఈ వ్యవస్థ ఏమిటి?

మన భాషలో చెబితే ఇది టపా వ్యవస్థ. ఆఫీసుకు నాలుగు వైపుల నుంచీ కాగితాలు వస్తాయి. ఇన్‌వర్డులో ఎక్కుతాయి. సంబంధిత సెక్షనుకు పోతాయి. గుమాస్తా నోటు పెడతాడు, ఆఫీసరు సంతకం చేస్తారు, ఉత్తర్వు కిందికి పోతుంది. సైన్యంలోనూ అంతే. రాడారు చూస్తుంది, ఆ చూసిన సంగతి కేంద్రానికి చేరుతుంది, అక్కడ నాలుగు కబుర్లు కలిపి ఒక చిత్రం చేస్తారు, అధికారి నిర్ణయిస్తాడు, ఆజ్ఞ విమానానికో ఫిరంగికో చేరుతుంది. మన ఫైలు నెల రోజులు నడుస్తుంది, వాళ్ల ఫైలు నిమిషాల్లో, ఒక్కోసారి సెకన్లలో ముగుస్తుంది. అమెరికా వైమానిక దళంలో జాన్ బాయిడ్ అనే అధికారి దీన్ని నాలుగు మెట్లుగా చెప్పాడు: చూడడం, అర్థం చేసుకోవడం, నిర్ణయించడం, చేయడం. ఇంజనీరు ఈ నాలుగు మెట్ల మధ్య తీగలు లాగేవాడన్నమాట.

రంగుల గడియారం

ఇలాంటి వ్యవస్థ పెద్ద ఎత్తున పనిచేసింది 1940లో, ఇంగ్లండు మీద జర్మనీ విమానదాడులు జరిగినప్పుడు. దాన్ని ఏర్పాటు చేసిన యుద్ధవిమాన దళాధిపతి హ్యూ డౌడింగ్ పేరుతోనే దాన్ని పిలుస్తారు. అప్పుడు కంప్యూటర్లు లేవు. సముద్రతీరం పొడవునా రాడారు స్తంభాలు, లోపలి ప్రాంతంలో దుర్భిణీలు పట్టుకుని ఆకాశం చూసే పరిశీలకులు, అందరి నుంచీ టెలిఫోను తీగలు. రాడారు కబుర్లు లండన్ దగ్గర బెంట్లీ ప్రయరీ అనే భవనంలో 'ఫిల్టర్ రూము'కు చేరేవి. ఒకే విమానాల గుంపును మూడు రాడార్లు మూడు చోట్ల ఉన్నట్టు చెప్పేవి. ఆ మూడూ ఒకటేనా, వేరువేరా అని తేల్చడం ఆ గది పని. అక్కడ తేలిన దాన్నే కిందికి పంపేవారు. పెద్ద బల్ల మీద పటం పరిచి, దాని మీద గుర్తులు జరిపే పనిలో ఎందరో యువతులు ఉండేవారు.

కబురు తప్పితే ఏమవుతుందో వాళ్లకు ముందే అనుభవమైంది. యుద్ధం ప్రకటించిన మూడో రోజున, 1939 సెప్టెంబరు 6న, తప్పుడు కబురు మీద విమానాలు లేచాయి. ఆకాశంలో శత్రువు లేడు. లేచిన మన విమానాలనే శత్రువులనుకుని ఇంకో దళం కాల్చింది. బ్రిటిష్ స్పిట్‌ఫైర్లు బ్రిటిష్ హరికేన్లను రెండింటిని కూల్చాయి. ఒక పైలటు చనిపోయాడు.

ఆ ఆపరేషన్ గదుల గోడ మీద ఒక గడియారం ఉండేది. దాని ముఖాన్ని అయిదేసి నిమిషాల ముక్కలు చేసి ఎరుపు, పసుపు, నీలం రంగులు వరుసగా వేశారు. కబురు వచ్చినప్పుడు పెద్ద ముల్లు ఏ రంగు మీద ఉంటే ఆ రంగు గుర్తును పటం మీద పెట్టాలి. పైనుంచి చూసే అధికారి ఎవరినీ అడగనక్కరలేదు. ముల్లు నీలంలో ఉండి, బల్ల మీద గుర్తు ఎర్రగా ఉంటే ఆ కబురు పాతబడిందని కంటికే తెలుస్తుంది. అంతకన్నా పాతవాటిని బల్ల మీంచి తీసేసేవారు.

దీని గురించి చదివినప్పుడు నేను పుస్తకం మూసేసి కాసేపు కూర్చుండిపోయాను. ఎందుకో తర్వాత చెబుతాను.

యంత్రం వచ్చింది

1949లో సోవియట్ యూనియన్ అణుబాంబు పరీక్షించింది. దానితో అమెరికా తన ఆకాశాన్ని కాపాడుకోవడానికి కంప్యూటర్లతో ఒక మహావ్యవస్థ కట్టింది. పేరు సేజ్. మసాచుసెట్స్‌లోని లింకన్ లేబరేటరీలో రూపొందింది, యంత్రాలు ఐ.బి.ఎం. కంపెనీ చేసింది. మొదటి కేంద్రం 1958లో న్యూజెర్సీలో పని మొదలుపెట్టింది. ఒక్కో యంత్రంలో సుమారు 49,000 వాక్యూం ట్యూబులు, బరువు సుమారు 250 టన్నులు. అందులో జంట కంప్యూటర్లు, ఒకటి పనిచేస్తుంటే రెండోది సిద్ధంగా ఉండేది. 1980ల మొదటి సంవత్సరాల వరకూ ఈ వ్యవస్థ నడిచింది.

ఇంత యంత్రం కడితే సరిపోదు, మనుషులను తయారు చేయాలని వాళ్లు ముందే గ్రహించారు. కాలిఫోర్నియాలో రాండ్ అనే పరిశోధన సంస్థ 1952లో ఒక గదిని అచ్చం వాయుసేన కేంద్రంలాగా అమర్చి, కాలేజీ విద్యార్థులను తెచ్చి కూర్చోబెట్టింది. లేని విమానాలను ఉన్నట్టు చూపిస్తూ వాళ్ల చేత పని చేయించింది. కొద్ది రోజుల్లోనే పిల్లలు ఎంత ఆరితేరారంటే, విమానాల సంఖ్య పెంచుకుంటూ పోవలసి వచ్చింది. ఎవరూ వాళ్లకు ప్రత్యేకంగా పద్ధతి నేర్పలేదు. ప్రతి అభ్యాసం అయ్యాక ఏం జరిగిందో వాళ్లకే చూపించి, వాళ్లలో వాళ్లను మాట్లాడుకోనిచ్చారు. అది చూసి వైమానిక దళం దేశమంతటా అదే పద్ధతి పెట్టమంది. ఆ పని ఎంత పెరిగిందంటే, 1957లో దాని కోసమే సిస్టం డెవలప్‌మెంట్ కార్పొరేషన్ అనే వేరే సంస్థ ఏర్పడింది. ప్రోగ్రాములు రాసేవాళ్లు ఆనాడు ప్రపంచంలోనే కొద్దిమంది. ఆ సంస్థ తనకు కావలసిన వాళ్లను తానే తయారు చేసుకుంది.

మనవాళ్లు గమనించవలసిన అంశం ఇది. ఆ శిక్షణలో ముఖ్యభాగం పాఠం చెప్పడం కాదు. తప్పు జరిగాక, తిట్టకుండా, అందరూ కూర్చుని దాన్ని తిరిగి చూసుకోవడం. మన ఆఫీసుల్లో తప్పు జరిగితే ఏమయ్యేదో మీకు తెలుసు. ముందు మెమో, తర్వాత సంజాయిషీ, దాని తర్వాత ఎవరికి వారు తప్పించుకోవడం.

శిక్షణ టేపే మోసం చేసింది

శిక్షణ కోసం చేసినదే ముప్పు తెచ్చిన సందర్భమూ ఉంది. 1979 నవంబరు 9న కొలరాడోలో కొండను తొలిచి కట్టిన అమెరికా రక్షణ కేంద్రంలో తెరల మీద సోవియట్ క్షిపణుల పెద్ద దాడి కనిపించింది. హెచ్చరికలు పోయాయి, యుద్ధవిమానాలు లేచాయి. రాడార్లనూ, ఉపగ్రహాలనూ నేరుగా అడిగితే ఆకాశంలో ఏమీ లేదన్నాయి. అభ్యాసం కోసం తయారుచేసిన దాడి సమాచారం నిజమైన తెరల మీదికి వచ్చేసిందని తేలింది. ఆ తర్వాత అలాంటి పరీక్షలకు వేరే చోట ప్రత్యేకంగా కేంద్రం కట్టారు.

ఏడు నెలలకు, 1980 జూన్ 3న, అలాంటిదే మళ్లీ జరిగింది. ఈసారి కారణం ఒక చిన్న చిప్పు, ధర 46 సెంట్లు. తీగ బాగుందో లేదో చూడడానికి ఆ కేంద్రం ఎప్పుడూ ఒక ఖాళీ సందేశం పంపుతుండేది. రూపంలో అసలు హెచ్చరికలాంటిదే, క్షిపణుల సంఖ్య ఉండే గళ్లలో మాత్రం సున్నాలు. చిప్పు చెడి సున్నాల చోట్ల రెళ్లు పడ్డాయి. సందేశం దారిలో చెడిందా అని సరిచూసుకునే ఏర్పాటు ఆ తీగ మీద సరిగా లేదు. ఫారం ఒకటే, సున్నా ఉంటే పరీక్ష, అంకె ఉంటే ప్రళయం. ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టి బల్ల మీద వదిలేయడంలాంటిదే ఇది.

రెండు సందర్భాల్లోనూ లోకాన్ని కాపాడింది ఒకే అలవాటు. తెర మీద కనబడ్డదాన్ని అక్కడితో నమ్మకుండా, "మొదట చూసిందెవరు? వాళ్లనే అడుగుదాం" అన్నారు.

రిజిస్టరు రాయని ఇంజనీరు

1983 సెప్టెంబరు 26, అర్ధరాత్రి దాటింది. మాస్కోకు దక్షిణాన ఉన్న రహస్య కేంద్రంలో స్టానిస్లావ్ పెత్రోవ్ అనే లెఫ్టినెంట్ కర్నల్ డ్యూటీలో ఉన్నాడు. ఆయన ఇంజనీరు. అమెరికా నుంచి ఒక క్షిపణి బయల్దేరిందని ఉపగ్రహ వ్యవస్థ చెప్పింది. తర్వాత మరో నాలుగు. పైకి కబురు చెప్పాలి. ఆయన తప్పుడు హెచ్చరిక అని చెప్పాడు. నిజంగా యుద్ధం మొదలుపెట్టేవాడు అయిదు క్షిపణులతో మొదలుపెట్టడు. నేల మీది రాడార్లు ఏమీ చూపలేదు. పైగా ఆ వ్యవస్థ కొత్తది, దాని లోపాలు ఆయనకు తెలుసు. ఎత్తయిన మేఘాల మీద పడిన సూర్యకాంతిని ఉపగ్రహం మంటగా పొరబడిందని తర్వాత తేలింది.

ఆయనకు సన్మానం జరిగిందనుకుంటున్నారా? ఆ సమయంలో డ్యూటీ రిజిస్టరు ఎందుకు రాయలేదని పైఅధికారి తప్పుపట్టారు. ఒక చేతిలో టెలిఫోను, ఇంకో చేతిలో మైకు, మూడో చెయ్యి లేదని ఆయన సమాధానం. రిజిస్టరు రాయలేదని అడిగే పెద్దలు మన దగ్గరే కాదు, అన్ని దేశాల్లోనూ ఉన్నారన్నమాట! పెత్రోవ్ 2017లో కన్నుమూశాడు. ఆయన చదువు ఆయనకు యంత్రాన్ని నడపడంతో పాటు, అది ఎక్కడ తప్పు చెప్పగలదో కూడా నేర్పిందని నేననుకుంటాను.

రెండు విషాదాలు

అన్ని కథలూ ఇలా ముగియలేదు. 1988 జూలై 3న పర్షియన్ గల్ఫులో అమెరికా యుద్ధనౌక విన్సెన్స్ ఒక ఇరాన్ ప్రయాణికుల విమానాన్ని కూల్చింది. 290 మంది పోయారు. వారిలో 66 మంది పిల్లలు, పదిమంది మన భారతీయులు. ఆ నౌకలో ఉన్నది ఆనాటికి అత్యాధునికమైన ఏజిస్ వ్యవస్థ. విమానం పైకి ఎక్కుతోందని దాని టేపుల్లో సరిగానే ఉంది. గదిలో ఉన్నవాళ్లు మాత్రం కిందికి దిగుతోంది, మన మీదికే వస్తోంది అని పలికారు. తెర మీద ఎత్తు ఒక అంకెగా కనిపించేది, ఎక్కుతోందా దిగుతోందా అని తెర చెప్పదు. ఒత్తిడిలో ఉన్న మనిషి అంకె వెనక అంకె చూసి పోల్చుకోవాలి. యంత్రం కట్టిన ఇంజనీరు లెక్క తప్పలేదు, కానీ భయపడుతున్న మనిషి దాన్ని ఎలా చదువుతాడో ఆలోచించలేదు. ఈ సంఘటన తర్వాత అమెరికా నౌకాదళం ఒత్తిడిలో నిర్ణయాలు తీసుకోవడం మీద ప్రత్యేకంగా పరిశోధన, శిక్షణ మొదలుపెట్టింది.

రెండోది 1991 ఫిబ్రవరి 25. సౌదీ అరేబియాలో ధహ్రాన్ దగ్గర అమెరికా పేట్రియాట్ క్షిపణి వ్యవస్థ, వచ్చిపడే స్కడ్ క్షిపణిని అడ్డుకోలేకపోయింది. 28 మంది సైనికులు చనిపోయారు. కారణం గడియారం. ఆ యంత్రం సెకనులో పదోవంతును లెక్కగా పెట్టుకుని కాలం కొలిచేది. మన లెక్కలో ఒకటిని మూడు పెట్టి భాగిస్తే మూడు, మూడు, మూడు అని ఆగకుండా పోయినట్టు, కంప్యూటరు లెక్కలో పదోవంతు కూడా ఎప్పటికీ ముగియదు. ఎక్కడో కోసెయ్యాలి. కోసినది అణువంతే. రోజూ పైసాలో వెయ్యోవంతు వదిలేసిన క్యాష్‌బుక్కు చాలా కాలం టాలీ అయినట్టే కనిపిస్తుంది. యంత్రాన్ని ఆపకుండా 100 గంటలు నడిపారు. తేడా సెకనులో మూడోవంతుకు చేరింది, 0.34 సెకన్లు. అంత కాలంలో స్కడ్ అర కిలోమీటరు పైగా పోతుంది. యంత్రం ఒక చోట వెదికింది, క్షిపణి మరో చోట ఉంది.

ఇందులో మనలాంటి వాళ్ల మనసును కలచివేసేది మరొకటి ఉంది. లోపం ముందే తెలుసు. ఎక్కువసేపు నడిపితే తేడా వస్తుందని ఫిబ్రవరి 21న యూనిట్లకు సందేశం వెళ్లింది. ఎక్కువసేపు అంటే ఎన్ని గంటలో అందులో రాయలేదు. యంత్రాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టడానికి పట్టేది ఒకటి, ఒకటిన్నర నిమిషం. ఆ సంగతి రాసి ఉంటే సరిపోయేది. సరిదిద్దిన ప్రోగ్రాము ధహ్రాన్ చేరింది 26వ తేదీన, మరునాడు. సర్క్యులరు రాసేవాడు ఒక్క అంకె వేయనందుకు ఎంత మూల్యమో చూడండి.

మన దేశంలో

మన దేశంలోనూ ఈ శిక్షణకు పాత సంప్రదాయమే ఉంది. మన సికింద్రాబాదు తిరుమలగిరిలో ఉన్న ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజనీరింగ్ సైనిక కళాశాల చాలామందికి తెలిసిందే. సైన్యంలో పరికరాలు చూసుకునే ఇంజనీరు అధికారులు అక్కడ తయారవుతారు. సమాచార వ్యవస్థలు చూసే సిగ్నల్స్ దళానికి మధ్యప్రదేశ్‌లోని మౌలో టెలికమ్యూనికేషన్ ఇంజనీరింగ్ కళాశాల ఉంది. వైమానిక దళ ఇంజనీర్లకు బెంగుళూరు జాలహళ్లిలో, నౌకాదళంలో విద్యుత్ విభాగం వారికి జామ్‌నగర్‌లో శిక్షణ జరుగుతుంది. పై స్థాయి అధికారులకు నిర్వహణ నేర్పే సంస్థ కూడా 1970లో సికింద్రాబాదులోనే పెట్టారు. ఇప్పుడు దాని పేరు కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్.

2025 మే నెలలో పాకిస్తాన్‌తో జరిగిన ఘర్షణలో వచ్చిన డ్రోన్లనూ క్షిపణులనూ అడ్డుకోవడంలో వైమానిక దళపు సమీకృత వ్యవస్థ, సైన్యపు ఆకాశ్‌తీర్ అనే పేర్లు పత్రికల్లో చదివే ఉంటారు. రెండూ భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ చేసినవి. ఆకాశ్‌తీర్ కోసం 2023 మార్చిలో 1,982 కోట్ల రూపాయల ఒప్పందం కుదిరింది. ఆ రోజుల్లో పేరు వినిపించిన ఆకాశ్ క్షిపణి రూపకల్పన మన హైదరాబాదులోనే జరిగింది. అందరూ క్షిపణి బొమ్మలే చూశారు. ఏ చుక్క మనది, ఏ చుక్క పరాయిది అని తేల్చి, ఎవరు కాల్చాలో చెప్పే వ్యవస్థకు బొమ్మ ఉండదు. మన టపా గుమాస్తాకు ఫోటో లేనట్టే.

ఇక పిల్లలు నేర్చుకునేదేమిటి? రాడార్ల కబుర్లు కలిపి ఒక జాడగా చేయడం, తీగ తెగితే రెండో దారి పెట్టడం, తెర మీద ఏది ఎంత పెద్దగా కనిపించాలో ఆలోచించడం, మనవాడో పరాయివాడో గుర్తుపట్టే సంకేతాలు, శత్రువు దొంగకబురు చొప్పిస్తే పట్టుకోవడం, మొత్తం యంత్రమే ఆగిపోతే పటం, పెన్సిలు, టెలిఫోనుతో పని నడపడం. వీటన్నిటికీ మూలంగా మూడు ప్రశ్నలు ఉన్నాయని నేను గ్రహించాను. ఈ సంగతి ఎవరు చూశారు? ఎప్పుడు చూశారు? ఇది తప్పయితే మనకు ఎలా తెలుస్తుంది?

నా రిజిస్టరు

ఇప్పుడు కార్యదర్శిగారి ప్రశ్నకు జవాబు చెబుతాను. ఈ మాట నేను ఇప్పటివరకు ఏ సభలోనూ చెప్పలేదు, ఇంట్లో కూడా చెప్పలేదు.

1986 ఆగస్టు గోదావరి వరదలు మీలో చాలామందికి గుర్తే. భద్రాచలం దగ్గర 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ నెల 16న నీరు 75.6 అడుగులకు చేరింది. దానికి దిగువన ఒక మండల రెవెన్యూ కార్యాలయంలో నేను అప్పుడు గుమాస్తాను. మండలాలు వచ్చి ఏడాదే అయింది. ఆ వరద రోజుల్లో ఒక రాత్రి కంట్రోలు రూములో నా డ్యూటీ. ఒక టెలిఫోను, ఒక లాంతరు, ఒక రిజిస్టరు.

ఏడింటికి ఎగువ నుంచి నీటిమట్టం చెబుతూ ఫోను వచ్చింది. రాసుకున్నాను. ఎనిమిదింటికి పోలీసు వైర్‌లెస్ మీద అదే చోటి మట్టం ఇంకోసారి వచ్చింది. అడుగున్నర తక్కువ. అదీ రాశాను. రిజిస్టరులో 'సమయం' అని ఒకటే గడి. ఎనిమిది అని వేశాను. ఎం.ఆర్.ఓ. గారు వచ్చి చూశారు. ఏడింటికి ఇంత, ఎనిమిదింటికి అడుగున్నర తక్కువ. "అమ్మయ్య, తీస్తోందయ్యా" అన్నారు. లంకలో ఉన్న చిన్నపేట వాళ్లను ఆ రాత్రే తరలించాలనుకున్నవారు తెల్లవారి చూద్దామన్నారు.

ఆ రెండో కబురు మధ్యాహ్నం మూడింటికి కొలిచినది. దారిలో ఎక్కడో అయిదు గంటలు నిలిచిపోయి నాకు ఎనిమిదింటికి చేరింది. ఎప్పుడు కొలిచారని నేను అడగలేదు. నీరు తీయడం లేదు, పెరుగుతోంది.

పదకొండింటికి పేటలోకి నీరు వచ్చింది. చీకట్లో, వానలో, తాళ్లు పట్టుకుని, పిల్లలను భుజాల మీద ఎత్తుకుని జనం గట్టుకు చేరారు. మనుషులకేమీ కాలేదు, దేవుడి దయ. ఒక ముసలాయన తన రెండు గేదెలను కట్టుకొయ్య నుంచి విప్పడానికి వీల్లేక వదిలి వచ్చాడు. తెల్లవారాక నేను గట్టు మీదకు వెళ్లినప్పుడు ఆయన ఏడవడం లేదు. చేతిలో తెగిన పలుపుతాడు పట్టుకుని నీళ్ల వైపు చూస్తున్నాడు. "రాత్రి చెప్పుంటే తోలుకొచ్చేవాణ్ణి బాబూ" అన్నాడు. నేనెవరో ఆయనకు తెలియదు.

తర్వాత పై నుంచి వివరణ అడిగారు. "సమాచారం ఆలస్యంగా అందినందున" అని జవాబు పోయింది. ఆ కాగితం టైపు చేసింది నేనే. అందులో అబద్ధం లేదు. ఆలస్యమైన సంగతి గుమాస్తా గమనించలేదన్న మాట మాత్రం లేదు. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఎం.ఆర్.ఓ. గారికి తెలుసు. ఆయన ఒక్క మాట కూడా అనకుండా రిజిస్టరు తీసుకుని, స్కేలు పెట్టి, 'సమయం' గడిని నిలువుగా రెండు చేశారు. ఒకదాని మీద 'కొలిచిన గంట', రెండోదాని మీద 'మనకు చేరిన గంట' అని తన చేత్తో రాసి నా ముందు పెట్టారు. మెమో ఇచ్చి ఉంటే నేను మరిచిపోయేవాణ్ణేమో. ఆ రెండు గళ్లూ మరిచిపోలేదు. పదవీ విరమణ చేసే రోజు వరకూ ఏ కబురు వచ్చినా "ఎప్పటిదండీ ఇది?" అని అడిగాను. తోటివాళ్లు చాదస్తం అనేవారు.

రంగుల గడియారం గురించి చదివి నేను పుస్తకం ఎందుకు మూశానో ఇప్పుడు మీకు తెలిసింది. 1940లోనే ఎవరో దీన్ని గోడకు తగిలించి పెట్టారు. నాకు ఆ గీత 1986లో, రెండు గేదెలు పోయాక దొరికింది.

పిల్లకు ఏం చెప్పాను?

మా మనుమరాలు శిక్షణకు బయల్దేరే ముందు రాత్రి ఈ కథంతా చెప్పాను. మా కోడలు కూడా గుమ్మంలో నిలబడి విన్నది. "యంత్రమా, యుద్ధమా అని అడిగావు కదమ్మా. రెండూ నేర్చుకో. కానీ నువ్వు గీసే తెర మీద ప్రతి చుక్క పక్కనా అది ఏ గంటదో కనపడేటట్టు చెయ్యి. నీ యంత్రానికి తెలియనప్పుడు తెలియదని చెప్పడం నేర్పు. నీ పైవాడు 'అమ్మయ్య' అన్నప్పుడు 'ఒక్క నిమిషం సార్, ఇది పాత కబురేమో' అనే ధైర్యం తెచ్చుకో. నాకు ఆ రాత్రి లేనిది అదే" అన్నాను.

పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "తాతయ్యా, ఆ తప్పు మీరు అప్పుడే చెప్పి ఉంటే పక్క మండలాల రిజిస్టర్లలో కూడా రెండో గడి వచ్చేది కదా?" అంది. నా దగ్గర జవాబు లేదు. నిజమే. మా ఆఫీసులో గీసిన గీత మా ఆఫీసులోనే ఉండిపోయింది. అందుకే ఈ వయసులో, ఇంతమంది ముందు చెబుతున్నాను.

మా కోడలు ఆ తర్వాత బ్యాంకు పరీక్షల మాట ఎత్తలేదు. ఊరగాయ సీసాలు సర్దింది. భయం పోయిందని నేననను. యుద్ధం ఎవరికీ ఇష్టమైనది కాదు, రాకూడదనే కోరుకుందాం. వచ్చిన నాడు మాత్రం, కాల్చవలసినదేదో, కాల్చకూడనిదేదో చెప్పే చోట జాగ్రత్త గల పిల్లలు ఉండాలి. ఆ 290 మంది ప్రయాణికులను తలుచుకుంటే, కాల్చకూడదని చెప్పగలగడమే ఆ చదువులో పెద్ద భాగమనిపిస్తుంది.

మీ ఇళ్లలో పిల్లలెవరైనా ఇలాంటి చదువులకు వెళ్తుంటే వద్దనకండి. మీరు కచేరీల్లో చేసిన తప్పులు ఒకటో రెండో వాళ్లకు చెప్పండి. మన మెప్పులన్నీ సర్వీసు రిజిస్టర్లలో ఉన్నాయి, వాటిని ఎవరూ చదవరు. తప్పులు మన దగ్గరే ఉన్నాయి, మనతోనే పోతాయి. అవే వాళ్లకు ఎక్కువ పనికొస్తాయి.

  వచ్చే ఏడు తప్పకుండా డి.ఎ. గురించే మాట్లాడతానని మనవి చేసుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.